ఆ ఓర్కా వీడియో టైటిల్ మార్చండి: తెలుగు యూట్యూబ్ చానళ్లకు, న్యూస్ డెస్కులకు కావలి నుంచి ఒక బహిరంగ లేఖ

తెలుగు యూట్యూబ్ చానళ్లు నడుపుతున్న మిత్రులకు, టీవీ, వెబ్ న్యూస్ డెస్కుల్లో నైట్ డ్యూటీలు చేసే సబ్ ఎడిటర్లకు,

నమస్కారం.

నేను కావలిలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారిని. మీలో ఒకరిద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. వీడియోలో గొంతు వినగానే పోల్చుకున్నాను. అందుకని ఈ ఉత్తరంలో అక్కడక్కడా అటెండెన్స్ తీసుకునే ధోరణి కనపడితే సర్దుకుపోండి.

విషయం ఓర్కాల గురించి. నల్లటి ఒళ్లు, తెల్లటి పొట్ట, కంటి వెనక తెల్లటి మచ్చ ఉంటాయే, అవి. మీ థంబ్‌నైళ్లలో 'కిల్లర్ వేల్'. నిజానికి ఇది డాల్ఫిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద జంతువు.

2025 ఆగస్టులో మీలో చాలామంది ఒక వీడియో నడిపారు. జెస్సికా రాడ్‌క్లిఫ్ అనే ట్రైనర్‌ను షో మధ్యలో ఓర్కా చంపేసిందని. ఆ పేరుతో ఏ ట్రైనరూ లేదు. అది జరిగిందన్న 'పసిఫిక్ బ్లూ మెరైన్ పార్క్' ప్రపంచంలో ఎక్కడా లేదు. బొమ్మలు, గొంతు ఏఐతో చేసినవని ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు అప్పుడే తేల్చి చెప్పారు. మీలో కొందరు వీడియో తీసేశారు, సంతోషం. కొందరు తీయలేదు. ఎర్ర బాణం గుర్తు, 'చివరి వరకూ చూడండి, గుండె జారిపోతుంది' అన్న టైటిల్, అంతా అట్టాగే ఉంది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా ఇంకా తిరుగుతూనే ఉంది.

అది ఎక్కడిదాకా వెళ్లిందో చెబుతాను. గాలి ఎక్కువై పడవలు కదలని ఒక పొద్దున తుమ్మలపెంట పట్టపుపాలెంలో ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచు కాలి బొటనవేలికి తగిలించి, చేతిలో నూలు కండెతో చిరిగిన కళ్లు ఒక్కొక్కటీ ముడేస్తున్నాడు. పక్కనే మనవడు ఫోన్‌లో మీ వీడియో పెట్టాడు. ఆయన పని ఆపి నన్ను పిలిచాడు. "సార్, ఇది మన కాడ ఉండాదా? ఉంటే చెప్పండి, పిల్లోళ్లని పడవెక్కనీను." ఆ వీడియో అబద్ధమని, ఆ అమ్మాయే లేదని చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూశాడు. "లేని మనిషిని అదెట్టా చంపుద్ది సార్?"

జవాబు మీ దగ్గరే ఉండాలి కాబట్టి ఆయన ప్రశ్నను మీకు పంపిస్తున్నాను.

ఇక అసలు సంగతి. సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు నిర్ధారణ అయిన ఘటన ఒక్కటీ లేదు. 1972లో కాలిఫోర్నియా తీరంలో ఒక సర్ఫర్ కాలు కరిచింది. అతను కుట్లతో బయటపడ్డాడు. మనుషులు చనిపోయింది ట్యాంకుల్లో. మీకు నిజంగా గుండె జారిపోయే కథే కావాలంటే తిలికుమ్ అనే మగ ఓర్కా కథ ఉంది. ఏఐ అక్కర్లేదు. 1983లో ఐస్‌లాండ్ దగ్గర సుమారు రెండేళ్ల పిల్లను తల్లి నుంచి విడదీసి పట్టుకున్నారు. కెనడాలోని విక్టోరియాలో ఒక పార్కుకు అమ్మారు. అక్కడ షో అయిపోయాక రాత్రంతా మరో రెండు ఆడ ఓర్కాలతో కలిపి చీకటి ఇనప ట్యాంకులో పెట్టి మూసేవాళ్లు. అవి దీన్ని పళ్లతో గీరి గాయాలు చేసేవి. ఒక్కరోజులో వంద కిలోమీటర్లు పైగా ఈదగల జంతువు అది. 1991లో అక్కడి ట్రైనర్ కెల్టీ బర్న్ నీళ్లలో జారిపడి ఆ మూడు ఓర్కాల చేతిలో, కాదు నోట్లో, ప్రాణాలు పోగొట్టుకుంది. పార్కు మూతపడింది, తిలికుమ్‌ను ఫ్లోరిడాలోని సీవరల్డ్ అనే పార్కుకు అమ్మేశారు. 2010 ఫిబ్రవరిలో అక్కడ దాని దాడిలో డాన్ బ్రాంషో చనిపోయింది. ఆమె పేరున్న ట్రైనర్, ఆ ఓర్కాను ఇష్టపడ్డ మనిషి. సీవరల్డ్ ఓర్కాల పునరుత్పత్తి కార్యక్రమాన్ని ఆపేస్తున్నట్టు 2016లో ప్రకటించింది. ఆ మరుసటి జనవరిలో తిలికుమ్ చచ్చిపోయింది.

ఇదంతా దూరదేశాల గొడవ అనుకునేరు. 1990ల చివర్లో చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక పార్కుకు బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెచ్చారు. అవి కొన్ని నెలల్లోనే చనిపోయాయి. 2013 మేలో సెంట్రల్ జూ అథారిటీ ఇట్లాంటి పార్కులకు అనుమతులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఓర్కా షో మన దేశంలో ఎందుకు లేదో మీ కామెంట్లలో ఒకబ్బాయి అడిగాడు. ఇదే కారణం.

ఇప్పుడు అసలు ఓర్కా ఎట్లా బతుకుతుందో వినండి. మీ వీడియోల్లో ఒక్కసారి కూడా చెప్పని భాగం ఇదే, నా క్లాసులో పిల్లలు ఫోన్లు పక్కనపెట్టి వినేదీ ఇదే.

అమెరికా, కెనడా పశ్చిమ తీరంలో సాల్మన్ చేపలు తిని బతికే ఓర్కాల్లో కుటుంబమంతా తల్లి చుట్టూనే ఉంటుంది. మన ఇళ్లలో కూతురు అత్తారింటికి పోతుంది, లేదా అల్లుడు ఇల్లరికం వస్తాడు. వాటిల్లో రెండూ లేవు. కూతురూ పోదు, కొడుకూ పోడు. వేరే గుంపుల వాళ్లను కలుస్తాయి, జత కడతాయి, మళ్లీ అమ్మ దగ్గరికే వస్తాయి. ఆరు టన్నుల మగ ఓర్కా, వీపు మీద మనిషంత ఎత్తు రెక్క, ముప్పై ఏళ్ల వయసు, అయినా అమ్మ పక్కనే ఈదుతుంది. అమ్మ కూచి అన్న మాట సముద్రంలో వీటికే సరిపోతుంది. అమ్మ పట్టిన చేపలో వాటా కూడా తీసుకుంటుంది. దీనికి అమ్మ కట్టే మూల్యం చిన్నది కాదు. కొడుకు ఉన్న తల్లికి మళ్లీ పిల్ల పుట్టే అవకాశం సగానికి పడిపోతోందని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది. అమ్మ పోతే ముప్పై దాటిన కొడుకులు ఆ ఏడాదిలో చనిపోయే ప్రమాదం 14 రెట్లు పెరుగుతోందని 2012లో తేలింది.

అమ్మమ్మల సంగతి ఇంకా గొప్పది. ఓర్కా ఆడవాటికి నలభై ఏళ్ల ప్రాంతంలో పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. మెనోపాజ్ వచ్చాక కూడా దశాబ్దాల పాటు బతుకుతాయి. జంతువుల్లో ఇట్లాంటివి చాలా అరుదు. ఎందుకు బతుకుతాయి? చేపలు తక్కువైన ఏడాదుల్లో గుంపు ముందు నడిచేది ఈ ముసలమ్మలే. ఏ నెలలో ఏ నది సముద్రంలో కలిసేచోట సాల్మన్ దొరుకుతుందో ఆ బుర్రలో ఉంది. అమ్మమ్మ పోయిన తర్వాతి రెండేళ్లలో మనవళ్లు, మనవరాళ్లు చనిపోయే ప్రమాదం బాగా పెరుగుతోందని లెక్కలు తేల్చాయి. ఇవన్నీ ఊహలు కావు. 1970ల్లో మైకేల్ బిగ్ అనే కెనడా శాస్త్రవేత్త ప్రతి ఓర్కానూ దాని రెక్క ఆకారం, వీపు మీది బూడిదరంగు మచ్చ చూసి ఫోటోలతో గుర్తుపట్టే పద్ధతి పెట్టాడు. అప్పటి నుంచి పుట్టినవీ, పోయినవీ పేరుపేరునా రాసి ఉన్నాయి. ఒక్కో గుంపుకు తనదైన పిలుపులు ఉంటాయి. పిల్లలు వాటిని పెద్దల దగ్గర నేర్చుకుంటాయి.

తిండి కూడా నేర్చుకున్నదే. 1970 మార్చిలో కెనడాలోని పెడ్డర్ బే దగ్గర ఐదు ఓర్కాలను పట్టుకున్నారు. అక్కడే ఉంచిన మూడింటికి రోజూ చేపలు వేశారు, అవి ముట్టలేదు. రెండున్నర నెలలు అట్టాగే ఉన్నాయి, ఒకటి చచ్చిపోయింది కూడా. అవి సీళ్లను, ఇతర సముద్ర క్షీరదాలను వేటాడి తినే జాతివని, చేప వాటికి తిండే కాదని ఆ తర్వాత అర్థమైంది. అదే నీళ్లలో, చేపలు మాత్రమే తినే గుంపుల పక్కనే తిరుగుతాయి, కానీ వాటితో కలవవు. నేను ఈ ముక్క చెప్పినప్పుడు ఒకమ్మాయి, "సార్, మా నాయనమ్మ పెళ్లిళ్లలో కూడా బయట అన్నం ముట్టదు, ఇదీ అంతేనా?" అంది. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆ అమ్మాయికి మార్కులు వేశాను.

ఈ కుటుంబాలను మనమేం చేశామో ఇప్పుడు చెప్పాలి. 1970 ఆగస్టులో అమెరికాలోని పెన్ కోవ్ అనే చోట పెద్ద గుంపును వలలతో చుట్టేసి పిల్లలను పార్కులకు ఏరుకున్నారు. కొన్ని పిల్లలు వలల్లో చిక్కి మునిగిపోయాయి. ఆ సంగతి బయటపడకుండా వాటి పొట్టలు కోసి, బరువులు కట్టి అడుక్కి తోశారు. తర్వాత అవి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ రోజు పట్టుబడ్డ టోకిటే అనే పిల్ల మయామీలోని ట్యాంకులో 50 ఏళ్లకు పైగా బతికి 2023 ఆగస్టు 18న చనిపోయింది. ఆ తీరపు గుంపుల నుంచి ఆ పదేళ్లలో పట్టుకెళ్లిన, చంపిన పిల్లలు ఒక తరం. నేడు అక్కడ మిగిలింది డెబ్బై చిల్లర.

వాటికి ఇప్పుడు ప్రధాన సమస్య ఆకలి. వాటి తిండిలో ఎక్కువ భాగం చినూక్ సాల్మన్. నదుల మీద డ్యాములు కట్టాం, చేపలను ఎక్కువగా పట్టాం, చినూక్ తగ్గిపోయింది. పరిశోధకులు పడవ ముందు భాగంలో ఒక కుక్కను నిలబెట్టి, అది వాసన పట్టి చూపించిన చోట తేలే ఓర్కా మలం ఏరుకొచ్చి హార్మోన్లు పరీక్షించారు. 2008 నుంచి 2014 దాకా చూస్తే మూడింట రెండు వంతుల గర్భాలు నిలవలేదు. తిండి చాలకే. (కుక్క పడవ ముందు నిలబడి ఓర్కా పేడ వాసన పట్టడం! ఇంతకన్నా మంచి థంబ్‌నైల్ మీకెక్కడ దొరుకుతుంది?)

2018 జులైలో ఆ గుంపులో టాలెక్వా అనే తల్లికి పిల్ల పుట్టి అరగంటలో చనిపోయింది. ఆమె ఆ పిల్లను తల మీద మోస్తూ 17 రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు ఈదింది. జారిపోతే మళ్లీ మునిగి ఎత్తుకుంది. 2024 డిసెంబరు చివర్లో పుట్టిన మరో పిల్ల కూడా చనిపోయింది, మళ్లీ అట్లాగే రోజుల తరబడి మోసింది. ఈ వార్తను కూడా మీలో కొందరు నడిపారు, 'కన్నీళ్లు ఆగవు' అని. పిల్ల ఎందుకు చనిపోతోందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

తర్వాతిది శబ్దం. ఓర్కా చీకటి నీళ్లలో చేపను వెతికేది తను చేసే శబ్దం ప్రతిధ్వని విని. ఓడలు, పడవల మోత అందులో కలిసిపోతుంది. పడవలు దగ్గరికి వస్తే ఆడ ఓర్కాలు వేట మానేస్తున్నాయని గమనించారు. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రం వాటికి దాదాపు 900 మీటర్ల దూరంలో ఉండాలని పడవలకు రూల్ పెట్టింది.

మూడోది విషం. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీ అనే రసాయనాలను అమెరికా 1979లోనే నిషేధించింది. సముద్రంలో మాత్రం ఇంకా ఉన్నాయి. చిన్న చేప, పెద్ద చేప, ఓర్కా, ఈ వరసలో పైకి పోయేకొద్దీ కొవ్వులో పేరుకుంటాయి. తల్లి పాల ద్వారా తొలిచూలు పిల్లకు చేరతాయి. 2016లో స్కాట్లండ్‌లో టైరీ ద్వీపం ఒడ్డుకు లులు అనే ఓర్కా కొట్టుకొచ్చింది, చేపల తాళ్లలో చిక్కుకుని చనిపోయింది. దాని శరీరంలో పీసీబీలు భయపడే స్థాయికి ఎన్నో రెట్లు ఉన్నాయి. జీవితమంతా ఒక్క పిల్లను కూడా కనలేదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నూనె ఒలికినప్పుడు అక్కడ 22 ఓర్కాల గుంపు ఒకటి ఉండేది. ఇప్పుడు ఏడు. అప్పటి నుంచి ఒక్క పిల్లా పుట్టలేదు. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికినప్పుడు బకెట్లతో తోడిన దృశ్యాలు మీరే చూపించారు. పులికాట్‌కు అది ఎంత దూరమని?

స్పెయిన్, పోర్చుగల్ దగ్గర 2020 నుంచి ఓర్కాలు పడవల చుక్కానులు విరగ్గొడుతున్న కథ కూడా మీ దగ్గర 'ఓర్కాల ప్రతీకారం' అయింది. కొన్ని పడవలు మునిగాయి, నిజమే. అక్కడి ఆ ఓర్కాలు మిగిలింది నలభై లోపే, అంతరించే అంచున ఉంది. పగ అనడానికి రుజువు లేదు. పిల్ల ఓర్కాలకు అదొక ఆట అయి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. నాకైతే ఆట అన్నదే నమ్మబుద్ధేస్తుంది. సాల్మన్ తినే ఓర్కాలు కూడా 1987లో అమెరికా పశ్చిమ తీరంలో చచ్చిన సాల్మన్‌ను నెత్తిన పెట్టుకు తిరిగాయి. ఒకటి మొదలుపెడితే మిగతావి అనుకరించాయి. తర్వాత ఏడాది ఆ ఫ్యాషన్ పోయింది.

సరే, మా నెల్లూరుకేంటి అంటారా. పాలెంలో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇది: ఓర్కాలు అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్నాయి, శ్రీలంక చుట్టూ, అండమాన్, లక్షద్వీప్ దగ్గర చూసిన సందర్భాలున్నాయి. మా ఒడ్డు దగ్గర మాకు కనపడేవి మామూలు డాల్ఫిన్లు. ఓర్కాలకు చుట్టాలే. వాటి కష్టాలు కూడా ఇవే: వల, తిండి, మోత. గిల్‌నెట్ వలలో చిక్కిన డాల్ఫిన్ పైకొచ్చి గాలి పీల్చుకోలేక ఊపిరాడక చనిపోతుంది. అది చేప కాదు కదా. తెగిపోయిన వల సముద్రంలోనే ఉండిపోయి ఎవరికీ అక్కర్లేని వేట ఏళ్ల తరబడి సాగిస్తుంది. చలికాలం వస్తే ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి పడి ఉండడం కావలి నుంచి కొత్తపట్నం దాకా ఎవరినడిగినా చెబుతారు. మా పాలెం ఆయన మాట ఇంకొకటి: "పిల్ల వలలో పడితే తల్లి పడవ చుట్టూ తిరుగుద్ది సార్. ఆ అరుపు చెక్క మీద చెవి పెడితే ఇనపడుద్ది." ఇందుకు ఏ పరిశోధన పత్రమూ చూపించలేను, ఆయన చెవిని నమ్ముతున్నాను.

తిండి సంగతి మా జిల్లావాళ్లకు ఇబ్బందిగా ఉండే విషయం, అయినా చెప్పాలి. కవ్వళ్లలాంటి చిన్న చేపలు ఎండి, పొడి అయి రొయ్యల మేతలోకి పోతున్నాయి. అదే చేప మీద డాల్ఫిన్ కూడా బతుకుతుంది. రొయ్యల చెరువులు మానేయమనడం లేదు, మా బంధువుల్లో సగంమంది ఇళ్లు వాటి మీదే నిలబడ్డాయి. చినూక్ కథ మనకు పరాయిది కాదని మాత్రం అంటున్నాను. సంప్రదాయ పడవలకు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు వదలాలని 1994 నుంచి రాష్ట్ర చట్టం ఉంది. దాన్ని దాటి లోపలికొచ్చే పెద్ద బోట్ల గురించి మా మత్స్యకారులు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ఆ ధర్నాకు మీ కెమెరాలు ఎన్నిసార్లు వచ్చాయి? డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులితో సమానమైన రక్షణ అది. పాలేల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మీరు ఒక్క వీడియో చేస్తే తెలుస్తుంది.

అందుకని అడుగుతున్నాను. పాత వీడియో డిలీట్ చేయడానికి మనసొప్పకపోతే కనీసం టైటిల్ మార్చండి. 'ఇది ఏఐతో చేసిన అబద్ధం' అని మొదటి కామెంట్‌గా పిన్ చేయండి. జంతువు మనిషిని చంపిందన్న వార్త వస్తే ఎక్కడ, ఎప్పుడు, ఏ పోలీసు, ఏ పత్రిక అన్న నాలుగు ప్రశ్నలు మీలో మీరే వేసుకోండి. జవాబు దొరక్కపోతే ఆ రోజుకు ఆపండి. ఇంకెవరో ముందు పెట్టేస్తారన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. అబద్ధాన్ని రెండోవాడిగా పెట్టడంలో కూడా లాభమేమీ లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు జువ్వలదిన్నెలో, తుమ్మలపెంటలో, ఇసకపల్లిలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులకు మాట్లాడే తీరిక ఉంటుంది. కెమెరా తీసుకుని రండి. డాల్ఫిన్లు ఏ కాలంలో వస్తాయి, వలలో పడితే ఏం చేస్తారు, ఎందుకు కొందరు వల కోసి వదిలేస్తారు, కొందరు ఎందుకు వదలరు, వల ఖరీదు ఎంత, అన్నీ వాళ్లే చెబుతారు. నేను పరిచయం చేస్తాను. ఓర్కా మీద మంచి వీడియో చేయాలనుకుంటే స్క్రిప్టు కూడా చూసిపెడతాను, ఫీజు అక్కర్లేదు. థంబ్‌నైల్ మాత్రం అప్‌లోడ్ చేసే ముందు నాకు చూపించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
కావలి, నెల్లూరు జిల్లా